తెల్లదో... నల్లదో... చెప్పుకోండి చూద్దాం!

పాల లెక్క రాసుకునే క్యాలెండరు కాగితం నెల తిరగగానే చింపేస్తాం కదా! మా ఇంట్లో మాత్రం 2023 ఫిబ్రవరి కాగితం ఇప్పటికీ బీరువాలో భద్రంగా ఉంది. దాని వెనక వైపు మా చిన్నమ్మాయి స్కేలు పెట్టి నాలుగు గళ్లు గీసింది. 'అమ్మ', 'అక్క', 'బాపమ్మ', 'నేను' అని రాసింది. ఒక్కొక్కరి కింద కొన్ని అంకెలు, కొట్టివేతలు, మళ్లీ అంకెలు. కొత్తవాళ్లెవరైనా చూస్తే చీటీల లెక్క అనుకుంటారు. అది మా ఇంటి కుందేలు ఈనబోయే ముందు, పిల్లలు ఏ రంగులో పుడతాయో మేం నలుగురం కాసుకున్న పందెం!

మాది జగిత్యాల జిల్లా మేడిపల్లి. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా కరీంనగర్ జిల్లాలో ఉండేవాళ్లం. గల్ఫ్ బాట పట్టిన మగవాళ్లు, బీడీలు చుట్టి ఇల్లు నడిపే ఆడవాళ్లు మా వైపు ఎందరో. మా ఇల్లూ అంతే. మావారు దుబాయిలో, అత్తమ్మ ఒళ్లో బీడీల చాట. నేను డిగ్రీలో బీజెడ్‌సీ చదివి, ఊళ్లో చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. ఈ డిగ్రీ సంగతి ఎందుకు చెబుతున్నానో మీకు ముందు ముందు తెలుస్తుంది. దాని వల్లే పందెంలో అందరికన్నా ఘోరంగా ఓడిపోయాను.

2022 డిసెంబరులో పిల్లల పోరు పడలేక ఒక దుకాణంలో రెండు కుందేళ్లు కొన్నాం. ఒకటి నిగనిగలాడే నలుపు. ఇంకొకటి మల్లెపువ్వులా తెలుపు, కళ్లు మాత్రం ఎర్రగా. "రెండూ ఆడవేనమ్మా, పిల్లల బాధ లేదు" అని అమ్మిన మనిషి భరోసా ఇచ్చాడు. నల్లదానికి కాటుక అని, తెల్లదానికి మల్లి అని పిల్లలు పేర్లు పెట్టేశారు. నెలన్నర గడిచేసరికి మల్లి ఆడది కాదని తేలిపోయింది. పేరు మాత్రం మార్చడానికి మా చిన్నది ఒప్పుకోలేదు. మల్లి మగవాడైనా మల్లే.

కుందేలు పిల్లల్లో ఆడ, మగ తేడా పట్టుకోవడం అలవాటున్నవాళ్లకే కష్టం. మూడు నెలలు దాటితేగానీ స్పష్టంగా తెలియదు. నాలుగైదు నెలలకే అవి ఈనే వయసుకు వస్తాయి. కాబట్టి అమ్మేవాళ్ల మాట నమ్మి జంటను ఒకే పంజరంలో పెట్టేముందు పశువైద్యుడికి చూపించండి. మా దగ్గర కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది. అయినా మాకు ఆ బుద్ధి పుట్టలేదు.

గజ్జి కాదు... పురుడు!

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం కాటుక వింతగా ప్రవర్తించింది. గడ్డిపరకలు నోట నిండా కరుచుకుని మూలకు పరుగెత్తడం, అక్కడ పెట్టి మళ్లీ రావడం. మీసాల్లా రెండు వైపులా గడ్డి వేలాడుతుంటే పిల్లలు ఒకటే నవ్వు. మర్నాడు చూస్తే పొట్ట మీద, గొంతు కింద బొచ్చు లేదు! చర్మం బయటపడి ఎర్రగా కనబడుతోంది.

"గజ్జి పట్టిందే పిల్లా, పోరగాండ్లకు అంటుకుంటది. ముందుగాల బయట పెట్టు దాన్ని" అంది అత్తమ్మ.

నాకూ భయమేసింది. పశువైద్య కళాశాలలో చదివే మా దూరపు బంధువుల అబ్బాయికి ఫోన్ చేస్తే అసలు సంగతి చెప్పాడు. ఈనేముందు తల్లి కుందేలు తన బొచ్చు తనే పీక్కుని పిల్లలకు పరుపు వేస్తుందట. పొట్ట మీది బొచ్చు పోతే చనుమొనలు కూడా బయటపడి పిల్లలకు సులువుగా అందుతాయి. వెంటనే మామిడిపండ్ల చెక్కపెట్టె ఒకటి కడిగి ఎండబెట్టి, అడుగున వరిగడ్డి పరిచి పంజరంలో పెట్టాను. ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉంటే చాలు. గోడలు మాత్రం పిల్లలు పాకి బయటపడలేనంత ఎత్తుండాలి.

చూడి 31 రోజులు. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. క్యాలెండరు పందెం ఆ రోజే మొదలైంది.

మా పెద్దమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. "తల్లి నలుపు, నాయన తెలుపు. అన్నీ మచ్చలవే పుడతయి" అని ఆరు మచ్చల పిల్లలు రాసింది. అత్తమ్మ బీడీకి దారం చుడుతూనే, "సగం తల్లి తీరు, సగం తండ్రి తీరు" అంది. నేనేమో డిగ్రీ చదువంతా గుర్తుచేసుకుని, మెండెల్ బఠానీలను తలుచుకుని, అన్నీ నల్లవే అని రాశాను. నలుపు బలమైన రంగు, తెలుపు బలహీనమైనది, మొదటి తరంలో బలమైనదే బయటపడాలి. "గంత కచ్చితంగ ఎట్ల చెప్తవమ్మా?" అని పెద్దది వాదించినా నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

నాలుగో తరగతి చదివే చిన్నది మాత్రం తన గడి ఖాళీగా వదిలేసింది. "పుట్టినంక చూసి చెప్తా" అంది. అది తొండి అని అక్క గోల. చివరికి పిల్లల కళ్లు తెరుచుకునేదాకా ఎవరైనా తమ అంకె మార్చుకోవచ్చని రాజీ కుదిరింది.

బొచ్చు కింద గులాబీ రంగు

ఒకరోజు తెల్లవారుజామున పెట్టెలో బొచ్చు కుప్ప మెల్లగా కదులుతోంది, ఊపిరి పీలుస్తున్నట్టు. పక్కకు జరిపి చూశాం. వేలెడంత పిల్లలు! ఒంటి మీద వెంట్రుక లేదు, కళ్లు మూసుకుని ఉన్నాయి, చెవులు తలకు అతుక్కుని ఉన్నాయి. ఒక్కొక్కటి 50 గ్రాములు కూడా ఉండదేమో. లెక్కపెడితే ఆరు. ఏడోది పెట్టె బయట, ఇనుపజాలి మీద చల్లబడి కదలకుండా పడి ఉంది.

చచ్చిపోయిందనుకున్నాను. అత్తమ్మ నా చేతిలోంచి తీసుకుంది. మాట్లాడకుండా చీర కుచ్చెళ్ల దగ్గర పొట్టకు ఆనించి చుట్టుకుని, పొయ్యి పక్కన కూర్చుంది. అరగంట తర్వాత "కాళ్లు ఆడిస్తున్నదే" అంది. పుట్టిన కుందేలు పిల్ల చల్లగా తగిలితే చచ్చిపోయిందని పారేయకండి. ముందు ఒంటి వేడితో మెల్లగా వెచ్చబెట్టండి. వెచ్చబడ్డాక కూడా కదలకపోతే అప్పుడు చూసుకోవచ్చు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇంకో పంచాయితీ. కాటుక పిల్లల దగ్గరికి వెళ్లడమే లేదు! పగలంతా పెట్టెకు దూరంగా కూర్చుని గడ్డి నములుతుంది. చూడవచ్చిన ప్రతి ఒక్కరూ ఒకటే మాట. "అయ్యో, గిదేం తల్లే! పిల్లలను కన్నది, వదిలేసింది." ఒకామె అయితే ఆవుపాలు దూదితో పట్టమని సలహా.

పాపం కాటుక! కుందేలు తల్లి పిల్లలకు రోజుకు ఒక్కసారే, చాలావరకు రాత్రి వేళో తెల్లవారుజామునో, మూడు నాలుగు నిమిషాలు పాలిస్తుంది. ఆవుపాలకన్నా దాదాపు మూడు రెట్లు చిక్కటి పాలు. ఒక్కసారి తాగితే రోజంతా చాలు. మిగతా సమయం దూరంగా ఉండడం కూడా పిల్లల మంచికే. పెంపుడు కుందేలు పూర్వీకులు స్పెయిన్ వైపు అడవి కుందేళ్లు. అవి బొరియలో పిల్లల్ని పెట్టి, నోరు మట్టితో పూడ్చి వెళ్లిపోతాయి. తల్లి అస్తమానం అక్కడే తిరిగితే నక్కకు వాసన దొరికిపోతుంది.

తల్లి పాలిస్తోందో లేదో తెలియాలంటే తల్లిని కాదు, పిల్లల పొట్టలు చూడాలి. పొద్దున్నే పొట్టలు గుండ్రంగా, బిగువుగా ఉంటే కడుపు నిండినట్టే. చర్మం ముడతలు పడి, తాకగానే పైకి ఎగిరెగిరి పడుతుంటే ఆకలి. మచ్చికైన తల్లి అయితే మనం పిల్లల్ని ముట్టుకున్నంత మాత్రాన వదిలేయదు. పెట్టెలోని గడ్డితో చేతులు రుద్దుకుని ముట్టుకుంటే ఇంకా మంచిది.

అన్నట్టు, మన చేలల్లో తిరిగే కుందేలు వేరు, ఈ పెంపుడు కుందేలు వేరు. చేను కుందేలు బొరియ తవ్వదు. దాని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతోనే పుడతాయి. ఈ రెండింటికీ సంకరం కూడా కుదరదు. చేను కుందేళ్లను పట్టి తెచ్చి పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని కూడా గుర్తుంచుకోండి.

చెవి లోపల చూసిందెవరు?

మొదటి రోజే ఏడింటిలో మూడు లేత గులాబీ రంగులో, నాలుగు ముదురు రంగు చర్మంతో కనిపించాయి. గులాబీవి తెల్లవని అందరికీ తెలిసిపోయింది. 'అన్నీ నల్లవే' అన్న నా పందెం పుట్టిన గంటలోనే పోయింది. మచ్చలవి ఒక్కటీ లేవు గనుక పెద్దది కూడా ఓడింది. నాలుగు నల్లవి, మూడు తెల్లవి... ఇక బాపమ్మే గెలిచినట్టని సంబరపడుతుంటే, మూడో రోజు చిన్నది తన గడిలో రాసింది. 'తెల్లవి 3, నల్లది 1, చేను కుందేలు రంగువి 2, తెల్వనిది 1.'

మేం ముగ్గురం నవ్వాం. నల్ల తల్లికీ తెల్ల తండ్రికీ చేను రంగు పిల్లలేమిటి?

వారం తిరిగేసరికి పిల్లలకు మఖమల్‌లా బొచ్చు వచ్చింది. ఆ రెండు పిల్లల వీపు గోధుమ, బూడిద, నలుపు కలిసిన రంగుకు తిరిగింది. పొట్ట తెల్లబడింది. అచ్చం చేను కుందేళ్లే! బొచ్చు మీద మెల్లగా ఊదితే ఒక్కో వెంట్రుకకు వలయాలు కనిపించాయి. మొదట్లో బూడిద రంగు, మధ్యలో లేత గోధుమ, కొసన నలుపు. మూడో పిల్ల అసలు నలుపు. నాలుగోది, అత్తమ్మ పొట్ట మీద బతికిన పిల్ల, నలుపూ కాదు తెలుపూ కాదు, వాన మబ్బు రంగు. దీన్నే కుందేళ్ల పెంపకందారులు నీలం రంగు అంటారు. చిన్నది ఆ క్షణంలోనే దానికి మబ్బు అని పేరు పెట్టేసింది.

"నీకెట్ల తెలిసిందే?" అని అడిగితే, "అన్నీ నల్లగున్నా ఆ రెండిటి చెవుల లోపల తెల్లగున్నది. పొట్ట కూడా. మీరు వీపులే చూసిండ్రు" అంది.

నిజమే. పుట్టిన రెండు మూడు రోజుల్లో రంగు ఊహించాలంటే వీపు కాదు, చెవి లోపల, పొట్ట, తోక కింద చూడాలి. ఒళ్లంతా ఒకే ముదురు రంగైతే నలుపు. వీపు ముదురుగా ఉండి చెవుల లోపల, పొట్ట పాలిపోయి ఉంటే చేను రంగు. నలుపు కాస్త వెలిసినట్టు, పలక రంగులో ఉంటే నీలం. లేత గులాబీ రంగైతే తెలుపు. పదో రోజుకూ పన్నెండో రోజుకూ మధ్య కళ్లు తెరుచుకుంటాయి. ఆ కళ్లు ఎర్రగా ఉంటే రంగు పదార్థమే తయారుకాని తెలుపు. కంటి లోపలి రక్తమే ఎర్రగా కనబడుతుందన్నమాట.

మక్క గింజలతో పాఠం

ఇంతకీ నా బఠానీల లెక్క ఎక్కడ తప్పింది? ఆ రాత్రి పాత పుస్తకాలు దించాను. తెల్ల మక్క గింజలు, పసుపు మక్క గింజలు ముందేసుకుని పిల్లలతో కూర్చున్నాను.

ప్రతి కుందేలుకు ఒక్కో లక్షణానికి రెండేసి గింజలు ఉంటాయనుకోండి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. మల్లికి రెండూ 'తెల్ల' గింజలే. ఇక్కడే అసలు కిటుకు. ఎర్రకళ్ల తెలుపు ఒక రంగు కాదు, మూత! కింద ఏ రంగున్నా కప్పేస్తుంది. మల్లి మూత కింద చేను రంగు దాక్కుని ఉంది, మాకు తెలియలేదు. కాటుకకు ఒక రంగు గింజ, ఒక తెల్ల గింజ. రంగు గింజ ఒక్కటున్నా చాలు గనుక నల్లగా కనిపించింది, తెల్లదనం లోపల దాక్కుంది. అందుకే దాదాపు సగం పిల్లలు తెల్లవి. నేను కాటుకకు రెండూ రంగు గింజలే అనుకున్నాను. చూపుకు నల్లగా ఉంటే లోపలా నల్లగానే ఉంటుందనుకోవడమే నా పొరపాటు. ఇక మబ్బు సంగతి. నలుపును పలచన చేసే గింజ ఇంకొకటుంది. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తేనే నీలం. ఇద్దరిలోనూ చెరొకటి దాక్కుని ఉందన్నమాట.

ఇవి తెలిశాక కొన్ని ఊహలు గట్టిగానే చెప్పొచ్చు. ఎర్రకళ్ల తెల్లవి రెండూ కలిస్తే పిల్లలన్నీ తెల్లవే. ఏడుతరాల్లో ఎవరు నల్లగా ఉన్నా సరే. రెండు నల్లవి కలిస్తే తెల్లవి పుట్టొచ్చు, నీలానివి పుట్టొచ్చు, చేను రంగువి మాత్రం పుట్టవు. చేను రంగువి రెండు కలిస్తే నల్లవీ రావచ్చు. అంతకుమించి కచ్చితంగా చెప్పాలంటే తాతముత్తాతల చిట్టా కావాలి.

కొన్ని రంగులకు చలీ ఎండా కూడా తోడవుతాయి. తెల్ల ఒళ్లు, నల్ల ముక్కు, నల్ల చెవులు ఉండే హిమాలయన్ కుందేళ్లను చూసే ఉంటారు. అవి పుట్టినప్పుడు తెల్లగానే ఉంటాయి. వాటి ఒంట్లో రంగు తయారుచేసే ఎంజైము చల్లగా ఉన్నచోటే సరిగ్గా పనిచేస్తుంది. చెవులు, ముక్కు, పాదాలు, తోక చల్లగా ఉంటాయి గనుక అక్కడే నలుపు. మా వైపు ఎండలకు ఆ నలుపు వెలిసిపోతుంది. గూట్లో చలి తగిలిన పిల్ల ఒళ్లు మసకబారి, తర్వాత మళ్లీ తెల్లబడుతుంది. సియామీ పిల్లుల రంగు వెనకా ఇదే కథ.

"నీ లెక్కనే ఉన్నది"

అయిదు వారాలకు పిల్లలు గడ్డి తినడం బాగా నేర్చాయి. అడిగినవాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టాం. మూడు తెల్లవీ రెండు రోజుల్లో వెళ్లిపోయాయి. చేను రంగువి కూడా పోయాయి. నల్లది, మబ్బు మిగిలాయి. తెల్లది లేదని తెలిశాక ఒకరిద్దరు వచ్చిన దారినే తిరిగి వెళ్లారు.

ఒకరోజు మా చుట్టాలావిడ వచ్చింది. మబ్బును ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మా చిన్నదాన్ని చూసి, "నీ లెక్కనే నల్లగున్నది. అందుకే నీకే మిగిలిపోయింది" అని నవ్వింది. ఆవిడ మనసులో చెడు ఏమీ లేదు. మన ఇళ్లలో పిల్లల ముందు ఇలాంటివి ఎన్ని అంటుంటామో!

మా పెద్దమ్మాయి నా రంగు. చిన్నమ్మాయి చామనఛాయ కన్నా ముదురు. అది కడుపులో ఉండగా, 2013లో, మావారు దుబాయి నుంచి కుంకుమపువ్వు పంపారు. అత్తమ్మ రోజూ రాత్రి పాలల్లో వేసి, నేను తాగేదాకా ఎదురుగా నిలబడేది. చిన్నది పుట్టాక, "అంత పువ్వు తాగినా గిదేంది?" అని బాలింతగా ఉన్న నా ముందే అన్నవాళ్లున్నారు. నేను సరిగ్గా తాగలేదేమోనని అనుమానపడినవాళ్లూ ఉన్నారు. చెప్పొద్దూ, ఆ మాటలకు నేను కూడా లోపల్లోపల నన్నే తప్పుపట్టుకున్నాను, బీజెడ్‌సీ చదివి కూడా.

ఆ రాత్రి చిన్నది పడుకోలేదు. "అమ్మా, నేను ఎవరి తీరు?" అంది.

నేను కుందేళ్ల కథలే చెప్పాను. నిజంగా జరిగినవి. 1871లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన తన దగ్గరి బంధువైన డార్విన్ సిద్ధాంతం ఒకటి పరీక్షించాలని, వెండి బూడిద రంగు కుందేళ్లకు వేరే రకం కుందేళ్ల రక్తం ఎక్కించి పిల్లలు తీశాడు. పిల్లల రంగు మారలేదు. మనం 'రక్తంలోనే ఉంది' అంటుంటాం గానీ, రంగు రక్తంలో లేదని కుందేళ్లే చెప్పాయి. (ఇదే పెద్దమనిషి తర్వాత మనుషుల్లో మంచి జాతి, చెడ్డ జాతి అంటూ యూజెనిక్స్‌కు పునాది వేశాడు. అది వేరే కథ.) 1890లో వాల్టర్ హీప్ ఇంకా విచిత్రం చేశాడు. ఆంగోరా కుందేలు పిండాలు రెండింటిని తీసి, బెల్జియన్ హేర్ రకం తల్లి కడుపులో పెట్టాడు. ఆ తల్లి ఆరు పిల్లల్ని ఈనింది. నాలుగు తన పోలికే. రెండు మాత్రం పొడవాటి పట్టు బొచ్చుతో తెల్లటి ఆంగోరాలు! కడుపులో మోసి, తన తిండి పంచి, తన రక్తంతో పెంచినా తల్లి వాటి రంగును ఇసుమంత కూడా మార్చలేకపోయింది.

అలాంటప్పుడు గ్లాసెడు పాలల్లో నాలుగు కేసరాలు ఏం మారుస్తాయి? వంటలో చిటికెడు కుంకుమపువ్వు రుచికి, వాసనకు మంచిదే. ఎక్కువ మోతాదు మాత్రం గర్భిణులకు మంచిది కాదు.

"అయితే నీ లోపల కూడా మూత కింద రంగు దాక్కున్నదా?" అంది చిన్నది.

మనుషుల్లో లెక్క కుందేళ్లంత సులువు కాదని చెప్పాను. ఒంటి రంగును చాలా జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న అధ్యయనమొకటి 2013లోనే వచ్చింది. ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే ఒక జన్యువులోని చిన్న మార్పు మన దేశంలో రంగు తేడాల్లో కొంత భాగానికి కారణమని, ఆ మార్పు మనకూ యూరప్‌వాళ్లకూ ఒకే మూలం నుంచి వచ్చిందని అందులో తేల్చారు. అదీ కొంత భాగానికే. మిగతాది ఎందరి నుంచో వచ్చిన గింజల కలగలుపు. ఒకే తల్లి పిల్లలు ఇద్దరు ఒకే రంగులో ఉండాలని ఎక్కడా లేదు.

మేం మాట్లాడుకుంటుంటే, నిద్రపోయిందనుకున్న అత్తమ్మ చీకట్లోంచి అంది. "నా తల్లి గిట్లనే ఉండె."

మేం ఇద్దరం అటు తిరిగాం.

"గిదే రంగు. ఊళ్లె అందరు కర్రి అనేటోళ్లు. ఫోటో ఒక్కటి లేదు. ఫోటో దిగుమంటే సిగ్గువడేది. నీ ముక్కు కూడా ఆమెదే బిడ్డా" అంది.

పెళ్లయి అన్నేళ్లయినా నేను ఆ మాట వినలేదు. మావారికీ తెలియదు. పాలగ్లాసు పట్టుకుని రోజూ నా ఎదురుగా నిలబడ్డ మనిషి మనసులో ఏముందో ఆ రోజు కొంచెం అర్థమైంది. చిన్నది లేచి వెళ్లి బాపమ్మ పక్కన పడుకుంది. "ఆమె పేరేంది? బీడీలు చేసేదా? పాటలు పాడేదా?" అని అర్ధరాత్రిదాకా ఒకటే ప్రశ్నలు.

చీమల దెబ్బ

సంతోషంగా ముగిద్దామంటే ఇంకో మాట మిగిలిపోతుంది. కాటుక ఈనిన వెంటనే మల్లిని వేరే పంజరంలో పెట్టాలని మాకు తెలియదు. కుందేలు ఈనిన రోజునే మళ్లీ చూలు కట్టగలదు. మార్చి నెలలో రెండో కాన్పు. అయిదు పిల్లలు. నాలుగు తెల్లవి, ఒకటి చేను రంగు. 'సగం సగం' అన్న లెక్క ప్రతి కాన్పులోనూ కుదరాలని లేదు, బొమ్మా బొరుసూ లాంటిదే.

పంజరం నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లం, పాలు పెట్టే అల్మారాకు పెట్టినట్టు. ఒకరోజు జగిత్యాలలో పెళ్లికి వెళ్లి రాత్రి పొద్దుపోయి వచ్చాం. ఎండకు గిన్నెలు ఆరిపోయాయి. ఎర్రచీమలు పెట్టెలోకి దారి కట్టాయి. రెండు పిల్లలు దక్కలేదు. తప్పు పూర్తిగా నాదే. కాటుక మూలన ఒదిగి కూర్చుంది. ఆ రోజు కూడా ఒకావిడ "తల్లి చూసుకోలే" అంది. మా చిన్నది గట్టిగా, "తల్లి కాదు, మేము చూసుకోలే" అని చెప్పింది.

ఏప్రిల్, మే నెలల్లో వాటిని ఈనించకండి. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడి చెవుల నుంచే పోవాలి. 35 డిగ్రీలు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. మా వైపు ఎండలు అంతకన్నా ఎంత పైకి పోతాయో మీకు తెలుసు. పంజరం మీద తడి గోనెసంచి కప్పుతాం. లోపల నీళ్లు చిలకరించిన పాత మట్టికుండ బోర్లిస్తే దానికి ఆనుకుని పడుకుంటాయి. తిండిలో ముఖ్యంగా గడ్డి, గరిక. క్యారెట్లు పిల్లల పుస్తకాల్లోనే ఎక్కువ, ఇంట్లో కొంచెమే పెట్టాలి. లేత జొన్న చొప్ప పెట్టొద్దు, విషమవుతుంది. బీడీలు చేసే ఇళ్లలో ఇంకో జాగ్రత్త, తంబాకు పొడి వాటికి అందకూడదు. అత్తమ్మ ఇప్పుడు చాట పట్టుకుని ముందు గదిలోకి మారింది, కుందేళ్లు వసారాలో.

నల్లపిల్లను కోరుట్లలో ఒక టీచరమ్మ తీసుకెళ్లింది. మబ్బు మా దగ్గరే ఉండిపోయింది. అది ఆడదని ఈసారి డాక్టరుకు చూపించే తేల్చుకున్నాం. అన్నాచెల్లెళ్లను, తండ్రీకూతుళ్లను కలపకూడదు గనుక, కార్తీకం చలి మొదలయ్యాక టీచరమ్మ పక్కింటివాళ్ల నల్ల మగకుందేలును నాలుగు రోజులు తెచ్చుకున్నాం.

కొత్త క్యాలెండరు కాగితం గోడకు అంటించారు. ఈసారి దుబాయికి కూడా ఒక గడి, మావారు వీడియోకాల్‌లో కుందేళ్లను చూసి మరీ 'నల్లవి 4, నీలంవి 2' అని రాయించారు. చిన్నది తన గడిలో 'చేను రంగు 0' అని రాసి కింద రెండు గీతలు కొట్టింది. తెల్లవాటి సంగతి మాత్రం ఆ మగకుందేలు తల్లిదండ్రులు ఎలా ఉండేవో కనుక్కుని వేస్తానంటోంది. బాపమ్మ అన్నీ మబ్బు రంగే అంది. నా గడి ఇంకా ఖాళీ.

నిన్న రాత్రి మబ్బు నోట గడ్డి కరుచుకుని తిరగడం మొదలుపెట్టింది. మామిడిపండ్ల పెట్టె లోపల పెట్టాం. గిన్నెల్లో నీళ్లు పోశాను. పొద్దున లేచి మళ్లీ పోశాను.